యాభై ఒకటో ప్రతి

ఈమధ్య సన్మానాల్లో కప్పే శాలువాలు బాగా పలచబడ్డాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, రిటైరయినవాళ్లకు కప్పిన శాలువా ఆ తర్వాత మూడు చలికాలాలు పనికొచ్చేది. మొన్న మా కాలనీలో ఎవరికో సన్మానమంటే వెళ్లాను. సన్మానం అయి వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాయన తన శాలువా ఒళ్లో పెట్టుకుంటే, అడిగి మరీ తడిమి చూశాను. జేబురుమాలుకు జరీ అంచు కుట్టినట్టుంది. పైన ఒక వేలు, కింద ఒక వేలు పెడితే రెండూ పలకరించుకున్నాయి. చప్పట్లు మాత్రం మునుపటంత మందంగానే ఉన్నాయి. వాటికి ఖర్చు లేదు కదా.

శాలువా మీద నాకింత పట్టింపు ఎందుకంటే, సన్మానంలో నా చేతికి అందేది అదొక్కటే. దండలో ఏ పూలున్నాయో, ఫ్రేములో ఏం రాసుందో కనిపించదు. నాకు చూపు లేదు. పుట్టుకతోనే లేదు కనుక పోగొట్టుకున్నానన్న బాధ కూడా లేదు. అయితే మా ఆఫీసులో ఫ్రేములో ఏం రాసుందో నాకు అందరికంటే ముందే తెలిసేది. రాసేది నేనే కనుక.

ఇబ్రహీంపట్నంలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో టైపిస్టుగా పనిచేశాను. ఏ శాఖో చెప్పను. పెన్షన్ ఇంకా వస్తోంది. నివేదికలు, జాబులు టైపు చేయడం నా అసలు పని. ఎవరు రిటైరయినా, ఎవరికి బదిలీ అయినా సన్మాన పత్రం రాయడం కొసరు పని. అసలు పనిలో నాకు ఎన్ని తప్పులు దొర్లినా సర్దుకుపోయేవారు గానీ, కొసరు పని నుంచి మాత్రం ఏనాడూ సెలవు ఇవ్వలేదు. 'సహనశీలి', 'నిగర్వి', 'కార్యదక్షతా ధురీణులు'. ఈ మూడు మాటలూ తీసేస్తే మా ఆఫీసు నుంచి ఎవరూ రిటైరయ్యేవారు కాదు.

నేను రాసిన ప్రతి పత్రాన్నీ సభలో చదివేది ఒకావిడ. నా పక్క సీటు. సీనియర్ అసిస్టెంటు. ఆఫీసు మొత్తం ఆమెను అక్క అనేది. నేను మాత్రం మేడమ్ అనేవాణ్ని. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆమె భర్త చాలా ముందే పోయారు. ఇద్దరు ఆడపిల్లల్ని ఆ జీతం మీదే చదివించి పెళ్లిళ్లు చేసింది. నేను పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకు సంబంధాలు చూడలేదని చెప్పేవాణ్ని. అక్షరాలా నిజం.

కంప్యూటరు నాతో మాట్లాడడం మొదలుపెట్టక ముందు తొమ్మిదేళ్లు నాకు ఫైళ్లు చదివి వినిపించింది ఆమే. అది ఆమె డ్యూటీ కాదు. నేను చేరిన మొదటి రోజు సూపరింటెండెంటు నా బల్ల మీద ఫైళ్ల కట్ట పెట్టి, ఆ తర్వాత గానీ సంగతి గుర్తొచ్చి గొంతు సవరించుకుంటూ నిలబడితే, పక్క నుంచి వినిపించింది: "నిలబడుడెందుకు సార్, నేను చదువుత తీయుండ్రి. నా నోరు ఊకెనే ఉన్నది."

ఆమె చదవడం ఒక తీరు. కాగితం మీద ఉన్నదంతా చదివేది. రాసింది మాత్రమే కాదు, ఉన్నదంతా.

"అర్జీ ఇచ్చినాయన పెన్ను మధ్యల అయిపోయింది. నల్లసిరా కెళ్లి నీలిసిరాకొచ్చిండు. ఆ నీలిపెన్ను మనోళ్లనే అడిగి తీస్కున్నట్టున్నది, మన కౌంటర్ల పెన్ను లెక్కనే కక్కింది."

"ఈడ సంతకం. పెద్దమనిషే. చెయ్యి వణికింది. పేరు సగందాక వంకర పోయి, మల్ల లైన్ల పడ్డది."

"ఈమె వేలిముద్ర ఏసింది. పసుపంటింది కాగితానికి. పొద్దుగాల పొద్దుగాల ఇంట్ల ఏదో పండుగ చేసుకొనే వచ్చింది పాపం."

నేను టైపు చేసిన జాబుల్లో ఇవేవీ ఉండవు. 'అర్జీదారు అభ్యర్థన పరిశీలించబడినది' అని ఉంటుంది. కానీ ఆ తొమ్మిదేళ్లూ నాకు నల్లసిరా, నీలిసిరా వేర్వేరు మనుషుల్లా తెలుసు.

తర్వాత స్క్రీన్ రీడర్ వచ్చింది. కంప్యూటరు తెర మీద ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. నగరంలో మాకు శిక్షణ ఇచ్చిన మాస్టారు స్వయంగా వచ్చి నా కంప్యూటర్లో పెట్టి వెళ్లారు. ఆయనకూ చూపు లేదు. దాని గొంతు జలుబు చేసినవాడు ఏడుపు ఆపుకుంటూ మాట్లాడినట్టు ఉండేది. వారం తిరిగేసరికి అలవాటయింది. నెల తిరిగేసరికి వేగం పెంచాను. ఆరు నెలలకు ఎంత పెంచానంటే, అది మాట్లాడేది తెలుగని నాకు తప్ప ఇంకెవరికీ తెలిసేది కాదు. ఆఫీసంతా మొత్తుకుంటే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. ఫైళ్లూ క్రమంగా కంప్యూటర్లోకే వచ్చేశాయి.

"గిప్పుడు మంచిగున్నదా?" అందామె ఒకరోజు.

"మంచిగుంది మేడమ్. మీకు శ్రమ తప్పింది."

"అవ్, తప్పింది," అంది. ఫైలు కట్ట విప్పుతూ, "పిలిస్తె గూడ పలుకుతలేవ్ గీ మధ్యన" అంది.

నేను ఇయర్‌ఫోన్ తీసి "ఏమన్నారు?" అన్నాను. ఏం లేదంది. నిజానికి నాకు మొదటిసారే వినిపించింది. ఎందుకు మళ్లీ అడిగానో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ కొంచెం సాంకేతిక విషయం చెప్పాలి. ఓపిక పట్టండి, కథంతా దీని మీదే నిలబడుతుంది. చూపున్నవాళ్లు ఒక పేరా పొరపాటున చెరిపేస్తే వెంటనే కనిపిస్తుంది. మాకు కనిపించదు. మొత్తం సెలెక్ట్ అయి ఉన్నప్పుడు ఒక్క అక్షరం కొట్టామంటే నాలుగు పేజీల స్థానంలో ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. కంప్యూటరు గొంతు హెచ్చరిస్తుంది నిజమే, సరిగ్గా ఆ క్షణంలో మనకు తుమ్ము రాకపోతే. అందుకని మాస్టారు నా ఎడిటర్లో, అంటే నేను టైపు చేసే సాఫ్ట్‌వేర్‌లో, ఒక ఏర్పాటు చేశారు.

"నువ్వు సేవ్ కొట్టినప్పుడల్లా ఒక కాపీ తీసి, తేదీ, టైము పేరు పెట్టి, పక్క ఫోల్డర్ల దాస్తది. మార్పు ఉన్నా లేకున్నా దాస్తది. ఎప్పటిదంటే అప్పటిది తీసి వినొచ్చు. ఒక్కో కాగితానికి యాభై దాటితే మాత్రం దాన్ల అన్నిట్ల పాతది తీసి పడేస్తది. యాదుంచుకో," అన్నారు.

"యాభైసార్లు ఎవడు దిద్దుతాడు సార్?" అన్నాను.

ఆ ఫోల్డరుకు మేడమ్ 'సందుగ' అని పేరు పెట్టింది. మంచి బట్టలు దాచుకునే పెట్టె అన్నమాట. ఒకసారి మా ఆఫీసరు, తాను 'తక్షణమే' అని అసలు చెప్పనే లేదని, ఆ మాట నేనే కల్పించానని గట్టిగా అరిచారు. ఆయన వెళ్లాక ఆమె నా బల్ల దగ్గరికి వంగి, "సందుగల చూడు" అంది. ఉదయం పదకొండు ఇరవైకి దాచిన ప్రతి తీసి విన్నాను. రెండుసార్లు ఉంది 'తక్షణమే'.

"ఉందా?"

"ఉంది మేడమ్."

"ఉంటే ఉండనియ్యి. సారుకు చెప్పకు. నువ్వూ నేనూ నవ్వుకుంటె సాలు."

సందుగ వల్ల నాకు జరిగిన లాభాల్లో అది పెద్దది.

ఇక నా దురలవాటు సంగతి. పాత రోజుల్లో కరెంటు పోయి ఒక నివేదిక మొత్తం గాల్లో కలిసిపోయింది. అప్పటి నుంచి వాక్యం పూర్తి కాగానే సేవ్ నొక్కేవాణ్ని. తర్వాత కామా దగ్గర కూడా. సేవ్ నొక్కినప్పుడు కంప్యూటరు గొంతు ఏమీ అనదు. అనదు కనుక అనుమానం. అనుమానం తీరడానికి మళ్లీ నొక్కేవాణ్ని. ఒకసారి పనికి, ఒకసారి మనశ్శాంతికి.

మేడమ్ రిటైర్మెంటు ఇంకా నెల ఉందనగా, టీ తాగుతుంటే చెప్పింది.

"చూడు, నాకు గా సహనశీలి గిహనశీలి వద్దు. ఎంతమందియి చదివిననో నాకే ఎరుక. నాకైతే ఉన్నదున్నట్టు రాయి. ఒక్క పేజీ. సాలు."

"అలాగే మేడమ్."

"అలాగే గాదు. రాయి."

ముప్పై ఏళ్లకు పైగా ఇతరుల పొగడ్తలు చదివిన మనిషి తనకోసం అడిగింది ఒక్క పేజీ. అదీ నిజం పేజీ. నేను రాశాను. ఒక సోమవారం మధ్యాహ్నం, భోజనానికి అందరూ లేచి వెళ్లాక, ఒక్క ఊపులో రాశాను. అందులో సిరాలున్నాయి, పసుపు వేలిముద్ర ఉంది, 'నా నోరు ఊకెనే ఉన్నది' ఉంది. ఇంకా ఏవేవో ఉన్నాయి. గొంతు వేగం తగ్గించి, మామూలు మనుషులు మాట్లాడే వేగంలో పెట్టి, మొత్తం ఒకసారి విన్నాను. ఆ జలుబు గొంతులో కూడా బాగుంది. అంతకంటే మంచి పత్రం నేను రాయలేదు. సేవ్ నొక్కాను. ఒక్కసారే. ఆరోజు అనుమానం రాలేదు.

మర్నాడు సూపరింటెండెంటుకు తెర మీదే చూపించాను. ఆయన చదివి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"మంచిగున్నది గని, గిది సన్మాన పత్రం లెక్క లేదయ్యా. పెద్దసారొస్తడు, అక్క అల్లుండ్లొస్తరు, చుట్టాలొస్తరు. సిరా ఏంది, పసుపేంది? ఫ్రేము కట్టించి ఇంట్ల గోడకు తగిలిస్తరు. జర హుందాగ రాయి."

ఆయన బలవంతపెట్టలేదు. హుందాతనం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న బలహీనత. అప్పుడు ఆ అల్లుళ్లు గోడ ముందు నిలబడి చదువుకోవడం ఊహించుకున్నాను. మా అత్తమ్మ పక్కన కూర్చున్న ఈ టైపిస్టుకు ఇంత కథ దేనికీ అని వాళ్లు అనుకోవడం కూడా ఊహించుకున్నాను. దిద్దడం మొదలుపెట్టాను.

దిద్దుతున్నంతసేపూ నాకు ధైర్యం ఏమిటంటే, మొదటిది సందుగలో ఉందని. ఎంత పాడుచేసినా అసలుది భద్రంగా ఉంది అన్న నమ్మకం ఉంటే మనిషి ఎంతైనా పాడుచేస్తాడు. సిరాల స్థానంలో 'సునిశిత పరిశీలన' వచ్చింది. పసుపు వేలిముద్ర పోయి 'ప్రజల పట్ల అపార కరుణ' వచ్చింది. ఊకెనే ఉన్న నోరు 'మృదుభాషిణి' అయింది. రెండు పేరాలు పాత పత్రాల నుంచి తెచ్చి అతికించాను. వాక్యానికోసారి సేవ్. కామాకోసారి సేవ్. అనుమానానికోసారి.

చివరి పనిదినం ఉదయం బస్సులో వస్తుంటే ఎందుకో నిలవలేకపోయాను. 'అలాగే గాదు, రాయి' అన్న మాట చెవిలోంచి పోలేదు. ఏదయితే అదయింది, మొదటిదే ప్రింటు తీయిద్దామనుకున్నాను. పదకొండింటికల్లా బస్టాండు దగ్గర ఫ్రేములు కట్టే దుకాణానికి కాగితం పంపాలి. తొమ్మిదిన్నరకే వెళ్లి కంప్యూటరు తెరిచాను. సందుగ తెరిచాను. పేర్ల వరుస చివరికి వెళ్లాను. అన్నిటికంటే పాతది అక్కడ ఉంటుంది. ఎంటర్ కొట్టాను.

"సహనశీలి," అంది గొంతు.

పొరపాటున వేరేది తెరిచాననుకున్నాను. పైకి వెళ్లి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ కిందికి వచ్చాను. సరిగ్గా యాభై ఉన్నాయి. యాభైలోనూ ఆమె సహనశీలే. అన్నిటికంటే పాత ప్రతి బుధవారం మధ్యాహ్నం మూడు గంటలది. సోమవారం లేదు. యాభై ఒకటోసారి సేవ్ నొక్కిన క్షణాన అది వెళ్లిపోయింది. ఆ యాభై ఒకటోది ఏ కామా కోసం నొక్కానో.

గుర్తు తెచ్చుకుని మళ్లీ రాద్దామని కూర్చున్నాను. మొదటి వాక్యం వచ్చింది: 'ఈమె నాకు సిరా రంగులు చెప్పారు.' రెండోది రాలేదు. రంగుల తర్వాత ఏముందో వేళ్లకు కూడా తెలియలేదు. దాచిపెట్టే పని ఎడిటర్‌కు అప్పగించిన రోజునే నా మనసు ఆ పని మానేసినట్టుంది. గంటసేపు రాశాను, చెరిపాను. ఏది రాసినా సోమవారం రాసినదాని ముందు అబద్ధంలా వినిపించింది. పదకొండయింది. ఫ్రేము దుకాణానికి హుందా పత్రమే వెళ్లింది.

మధ్యాహ్నం మీటింగు హాల్లో సభ. దండ, శాలువా, పెద్దసారు ఉపన్యాసం అన్నీ అయ్యాక సూపరింటెండెంటు ఫ్రేము అందుకుని చదవడం మొదలుపెట్టారు. మా ఆఫీసులో ఆ పని ఎప్పుడూ ఆమెదే కదా, ఆయనకు అలవాటు లేదు. 'కార్యదక్షతా' దగ్గర తడబడ్డారు. 'ధురీణులు' దగ్గర పూర్తిగా ఆగిపోయారు. అద్దం మీద లైటు పడుతోందన్నారు.

వెనక నుంచి ఎవరో అరిచారు: "సార్, అక్కకియ్యుండ్రి! అక్కే చదువుతది!"

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. ఆమె లేచి ఫ్రేము తీసుకున్నట్టుంది. అదే గొంతు. తొమ్మిదేళ్లు నా చెవి పక్కన ఉండి, తర్వాత నేను ఇయర్‌ఫోన్లతో మూసుకున్న గొంతు. తన గురించి తానే 'సహనశీలి' అని చదివింది. 'నిగర్వి' అని చదివింది. ఏ మాటనూ ఒత్తలేదు, వదల్లేదు. కాగితం మీద ఉన్నదంతా చదివింది. మూడో పేరా మధ్యలో ఆగింది.

"'వాలీబాల్ క్రీడలో కార్యాలయ జట్టుకు వెన్నెముకగా నిలిచి...'" గొంతు హాలు వైపు తిరిగింది. "నేను వాలీబాల్ ఆడిన్నట. ఎప్పుడు ఆడిననో ఎవరికన్న యాదికుంటె జర చెప్పుండ్రి."

అతికించిన రెండు పేరాల్లో ఒకటి అంతకు ముందేడు రిటైరయిన సూపరింటెండెంటుది. ఆయన నిజంగానే ఆడేవారు. నేను చివరిసారి విన్నప్పుడు ఆ పేరా చెవిన పడింది గానీ, ఆ గంటసేపూ నేను వెతుకుతున్నది వేరు.

హాలంతా గొల్లుమంది. "ఫైళ్లు ఇసిరేటప్పుడు సూసినం గదక్కా, మస్తు షాట్లు!" అన్నారెవరో. పెద్దసారు కూడా నవ్వారు. అంతమంది నవ్వులో ఆమె నవ్వు కోసం వెతికాను. దొరకలేదు. ఆమె మిగతాది చదివి, "సమాప్తం" అని కూర్చుంది.

ఆ తర్వాత రెండేళ్లకు నేనూ రిటైరయ్యాను. శాలువా కప్పారు. దాని సంగతి మొదట్లోనే చెప్పాను. నా పత్రం ఎవరో కొత్త కుర్రాడు తయారుచేశాడు, సూపరింటెండెంటు గబగబా చదివేశారు. అందులోనూ వాలీబాల్ ఉందేమో తెలియదు. ఫోను కెమెరా ముందు పెడితే మొత్తం చదివి వినిపిస్తుందట. ఇంకా పెట్టలేదు. అది సిరా రంగు చెప్పదు కదా.

ఆమె ఇప్పుడు మహేశ్వరంలో పెద్దకూతురి ఇంటి దగ్గర ఉంటోందని విన్నాను. ఇక్కణ్నుంచి ఏమంత దూరం కాదు. దూరం కాకపోవడం వల్ల వెళ్లడానికి తొందరా లేదు అనుకుంటూ ఇన్నేళ్లు గడిపాను. ఆ సోమవారం పేజీని మళ్లీ రాయాలని ఎన్నోసార్లు కూర్చున్నాను. ప్రతిసారీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోతుంది. మధ్యాహ్నం భోజనాల వేళ, పక్క వీధిలో ఎవరో పిల్లలకు పాఠం గట్టిగా చదివి చెబుతుంటే టైపు చేస్తున్న వేళ్లు వాటంతట అవే ఆగుతాయి.

మీలో కంప్యూటరు తెలిసినవాళ్లు అనుకుంటూ ఉంటారు, ఆ యాభైని ఐదువందలు చేసుకుంటే సరిపోయేది కదా అని. నిజమే, ఒక్క నిమిషం పని. మార్చుకోలేదు. ఇదీ ఆ ఎడిటర్‌లోనే రాస్తున్నాను, ఇప్పటికి నలభై ఎనిమిదిసార్లు సేవ్ నొక్కాను. ఇంకో మూడుసార్లు నొక్కానంటే నేను మొదట రాసింది పోతుంది. కాబట్టి మిగిలినది దిద్దకుండా చెప్పేస్తాను.

సభ అయ్యాక ఆమె కూతురు, అల్లుడు కారు తెచ్చి కింద నిలబెట్టారు. ఆమె వాళ్లతో, "ఆగుండ్రి, ఈయన్ని బస్సెక్కిచ్చి వస్త" అంది. రోజూ చేసే పనే. నేను హయత్‌నగర్ బస్సెక్కాలి. రోజూ బోర్డులు చదివి చెప్పేది ఆమే. నేను ఆమె మోచేయి పట్టుకుని నడిచాను. చెయ్యి శాలువా మీద పడింది. శాలువాలు అప్పటికే పలచబడుతున్నాయి. కింద మోచేయి చల్లగా తెలిసింది.

బస్టాపులో నిలబడ్డాక మొత్తం చెప్పాను. సోమవారం, సూపరింటెండెంటు, హుందాతనం, సందుగ, యాభై.

"మొదలు ఏం రాసినవ్?" అంది చివరికి.

"సిరా రంగుల గురించి."

"ఇంక?"

"గుర్తులేదు మేడమ్. పోయింది."

ఒక బస్సు మెత్తని చప్పుడుతో వచ్చి, ఆగకుండా పోయింది. "ఆదిభట్ల కంపెనీ బస్సు. లోపల అందరు పండుకున్నరు," అంది, అలవాటు కొద్దీ. దాని వెనకే ఇంకొకటి పోయింది. దాని గురించి ఏమీ చెప్పలేదు.

తర్వాత నా బస్సు వచ్చింది. ఆ దడదడ నాకూ తెలుసు, అయినా ఆమె, "హయత్‌నగర్. ముందు డోరు. మెట్టు ఎత్తున్నది, చూసుకో," అంది. కడ్డీ దొరికింది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. కండక్టరు రైట్ అన్నాడు. ఆమె నా చెయ్యి వదులుతూ అంది:

"యాభైసార్లు దిద్దినవ్. పందొమ్మిదేండ్లు పక్కపొంటి కూసున్న. ఒక్కసారి నోటితోని చెప్పనీకి ఏం రోగమొచ్చింది నీకు?"